కొత్తగా ఫ్లయింగ్ స్క్వాడ్ బాధ్యత వచ్చింది, ముందు ఎవరిని కలవాలి?

ప్రశ్న: నేను తెలంగాణలో ఒక మండల వ్యవసాయాధికారిని. ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. మా నియోజకవర్గంలో ఉప ఎన్నిక వస్తోంది. నన్ను ఫ్లయింగ్ స్క్వాడ్ (ఎన్నికల్లో డబ్బు, మందు పంపకాలను తిరుగుతూ పట్టుకునే తనిఖీ బృందం) ఇన్‌ఛార్జిగా వేస్తూ ఆర్డర్ ఇచ్చారు. విత్తనాలు, ఎరువులు, పంట నష్టం లెక్కలు తప్ప పోలీసులతో కలిసి పనిచేసిన అనుభవం నాకు లేదు. నా టీములో ఉండే హెడ్ కానిస్టేబుల్‌ది మా నాన్న వయసు. ఒక సీనియర్ "లీడర్లందరి ఇళ్లకూ ముందే ఒకసారి వెళ్లి కలిసిరా, తర్వాత గొడవలుండవు" అన్నారు. ఇంకొకరు "ఎన్నికలయ్యేదాకా ఎవరి మొహమూ చూడకు, ఫోన్ ఎత్తకు" అన్నారు. ఎన్నికలయ్యాక నేను ఇదే మండలంలో, ఇదే రైతులు, ఇదే నాయకుల మధ్య పనిచేయాలి. పైగా మా మేనమామ పక్క మండలంలో ఒక పార్టీ నాయకుడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– పేరు వద్దన్న ఒక సోదరి

సమాధానం: అమ్మా, మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ మీ మంచి కోరే చెప్పి ఉంటారు. అయినా ఆ రెండు సలహాలూ పక్కన పెట్టండి. నాయకుడి ఇంటి గడప తొక్కితే ఆ సాయంత్రానికే మీ ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. అందరి ఇళ్లకూ వెళ్లానని మీరు చెప్పుకునేలోపు ఎవరింటికి ముందు వెళ్లారన్న లెక్క మొదలవుతుంది. అలాగని ఎవరితోనూ మాట్లాడకుండా తలుపులేసుకుని కూర్చుంటే, మొదటిసారి బండి ఆపిన రోజున మీరెవరో, ఏ అధికారంతో ఆపారో తెలియని పదిమంది మీ చుట్టూ మూగుతారు. పరిచయాలు కావాలి. అవి ఎక్కడ జరగాలి, ఎవరి ఎదుట జరగాలి, ఏ వరసలో జరగాలి అన్నది మాత్రం ముందే తేల్చుకోవాలి.

వరస విషయంలో నా అభిప్రాయం గట్టిది. మొదట మీ బండిలో కూర్చునేవాళ్లు, తర్వాత మీతో కలిసి పనిచేసే శాఖలు, ఆ తర్వాతే పార్టీలవాళ్లు. ఎన్నికల విధుల్లో ఏళ్ల తరబడి ఉన్నవాడిగా చెబుతున్నాను, కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ఊళ్లో పెద్దమనుషులందరూ తెలుసు, సొంత టీములో వీడియోగ్రాఫర్ పేరు మాత్రం తెలియదు.

ఆర్డర్‌ను ఒకసారి నిదానంగా చదవండి. మీకు ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ అధికారాలు ఇచ్చారో లేదో అందులో చూడండి. లేకపోతే ఆర్వో (నియోజకవర్గ రిటర్నింగ్ అధికారి) ఆఫీసులో అడిగి కాగితం తీసుకోండి. స్క్వాడ్‌కు పెద్దగా మెజిస్ట్రేట్ అధికారాలున్న అధికారి, ఒక సీనియర్ పోలీసు, ఒక వీడియోగ్రాఫర్, ముగ్గురో నలుగురో సాయుధ సిబ్బంది ఉండాలన్నది ఎన్నికల సంఘం పెట్టిన ఏర్పాటు. నియోజకవర్గానికి ఇలాంటి బృందాలు మూడుకు తగ్గకుండా ఉంటాయి. ఎన్నిక ప్రకటించిన రోజు నుంచి పోలింగ్ ముగిసేదాకా వీటి పని నడుస్తుంది. చెక్‌పోస్టుల దగ్గర కూర్చునే స్టాటిక్ టీములు వేరు. అవి నోటిఫికేషన్ రోజు నుంచి మొదలవుతాయి. రోడ్డు మీద జనం ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. మీరు మాత్రం కలపకండి.

ఇక హెడ్ కానిస్టేబుల్ గారి సంగతి. ఆయనకు ఈ ఊళ్లూ, దారులూ మీకంటే బాగా తెలిసి ఉంటాయి. ఎవరు ఎలా మాట్లాడతారో, ఏ మలుపులో బండి ఆపితే ప్రమాదమో కూడా తెలుస్తుంది. మొదటి రోజే ఆయన్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, "సార్, బందోబస్తు, జనాన్ని అదుపు చేయడం మీరు చూడండి. పంచనామా రాయడం, ఏది పట్టుకోవాలి ఏది వదలాలి అన్న నిర్ణయం, సంతకం నావి" అని చెప్పండి. ఆయన్ని సార్ అని పిలవడం వల్ల మీ అధికారం తగ్గదు. నలుగురిలో ఆయన మాట కొట్టిపారేస్తే మాత్రం ఆ తర్వాత మీకు ఆయన ఏమీ చెప్పరు. నిర్ణయం మీదేనన్న సంగతి మొదటి రోజే, ఎవరూ లేనప్పుడు తేలిపోవాలి. బండి డిక్కీ తెరిచాక, చుట్టూ జనం సెల్‌ఫోన్లు పట్టుకుని నిలబడ్డాక "వదిలేద్దాం మేడం" "లేదు సార్, రాద్దాం" అని మీరిద్దరూ వాదించుకోవడం ఎంత నష్టమో ఊహించుకోండి. ఎన్నికల విధుల్లో వేసిన అధికారులూ పోలీసులూ నోటిఫికేషన్ నుంచి ఫలితం ప్రకటించేదాకా ఎన్నికల సంఘానికి డెప్యుటేషన్ మీద ఉన్నట్టే ప్రజాప్రాతినిధ్య చట్టం 28ఏ సెక్షన్ లెక్క. అంటే ఈ కొద్ది వారాలు మీకూ ఆయనకూ పైఅధికారి ఒక్కరే. ఈ మాట ఆయనకు గుర్తుచేస్తే ఆయనకు కూడా ధైర్యం వస్తుంది. లోకల్ ఒత్తిడి మీకంటే ముందు ఆయన మీదే పడుతుంది.

వీడియోగ్రాఫర్‌తో మాట్లాడటానికి ఒక పూట కేటాయించండి. చాలాచోట్ల ఆ కుర్రాడు ప్రైవేటు మనిషి. పెళ్లిళ్లు, పుట్టినరోజులు తీస్తుంటాడు. పార్టీల సభలూ తీసి ఉండొచ్చు. ఈ ఎన్నికల్లో ఎవరి దగ్గరైనా పని ఒప్పుకున్నాడా అని నేరుగా అడగండి. ఒప్పుకుంటే ఆర్వో గారికి చెప్పి మార్పించండి, అందులో మొహమాటం వద్దు. లేకపోతే ఎలా తీయాలో నేర్పండి. పెళ్లి వీడియోలా ముక్కలు ముక్కలుగా తీసి తర్వాత అతికించేది కాదిది. బండి తలుపు తెరవకముందే రికార్డింగ్ మొదలవ్వాలి. తేదీ, సమయం, ఊరు, బండి నంబరు గొంతుతో చెప్పాలి. డబ్బు లెక్కపెడుతుంటే నోట్ల కట్టలూ, లెక్కపెట్టే చేతులూ, డబ్బు యజమాని మొహం అన్నీ ఒకే షాట్‌లో ఉండాలి. మధ్యలో ఆపకూడదు. మెమరీ కార్డు ఆ రోజే ఆఫీసులో అప్పగించి సంతకం తీసుకోవాలి. రేపు ఎవరైనా "రెండు కట్టలు తక్కువ చూపించారు" అని ఆరోపిస్తే మిమ్మల్నీ హెడ్ కానిస్టేబుల్‌నీ కాపాడేది ఈ కుర్రాడి కెమెరానే. బ్యాటరీ, అదనపు కార్డు, లైటు ఉన్నాయో లేదో ప్రతి షిఫ్టు మొదట్లో చూడండి. డ్రైవర్‌కు ఒకే మాట చెప్పండి: మనం ఎటు వెళ్తున్నామో ఫోన్లో ఎవరికీ చెప్పకూడదు, ఇంట్లోవాళ్లకు కూడా.

తర్వాత స్టేషన్లు. మీ పరిధిలోకి వచ్చే ప్రతి ఎస్సైని ఆయన స్టేషన్‌లోనే, పని వేళల్లో కలవండి. పట్టుకున్న సొమ్ము ఎక్కడ పెట్టాలి, రాత్రి రెండింటికి పట్టుకుంటే ఫిర్యాదు ఎవరు తీసుకుంటారు అన్న ప్రశ్నలు అడగండి. అవి ఘటన రోజున అడిగితే ఎవరికీ ఓపిక ఉండదు. ఎక్సైజ్ సీఐతో కూడా అంతే. బెల్టు షాపులు ఏ ఊళ్లో ఎక్కడున్నాయో ఆయనకు తెలుసు. మందు పట్టుకున్నప్పుడు లెక్క ఆయనది, రిపోర్టు మీది, రెండూ ఒకే అంకె చెప్పాలి. ఆర్వో ఆఫీసులో ఖర్చుల లెక్క చూసే అకౌంటింగ్ టీమును మర్చిపోకండి. అభ్యర్థి ఖర్చును వాళ్లు తమవైపు నుంచి విడిగా షాడో రిజిస్టర్‌లో రాస్తుంటారు. అసెంబ్లీ అభ్యర్థికి మన దగ్గర పరిమితి 40 లక్షలు. మీరు తెచ్చే ఒక్కో వీడియో, ఒక్కో బిల్లు కాపీ వాళ్లకు ఆధారం. ఏ రూపంలో ఇస్తే వాళ్లకు పనికొస్తుందో ముందే కనుక్కోండి.

జనం ఫోన్లోంచే ఎన్నికల ఫిర్యాదులు పెట్టే యాప్ సీ-విజిల్. దాని కంట్రోల్ రూములో కూర్చునేవాళ్లతో సఖ్యత మీకు రోజూ కావాలి. ఫిర్యాదు వచ్చిన 5 నిమిషాల్లో వాళ్లు మీకు పంపాలి. 15 నిమిషాల్లో మీరు అక్కడికి చేరాలి, 30 నిమిషాల్లో విచారించి రిపోర్టు పెట్టాలి. మిగతా 50 నిమిషాల్లో ఆర్వో తేల్చాలి. మొత్తం 100 నిమిషాలు. మీ బండి ఏ వైపు ఉందో వాళ్లకు సరిగ్గా తెలియకపోతే ఆ 15 నిమిషాలు దారిలోనే అయిపోతాయి. ఇంకో సంగతి. కావాలనే ఒక మూల నుంచి ఉత్తుత్తి ఫిర్యాదు పెట్టి, స్క్వాడ్‌ను అటు పరుగెత్తించి, ఇటు పంపకం కానిచ్చే పద్ధతి ఒకటుంది. అలాంటప్పుడు పక్క టీమును ఇటు పంపాల్సింది కంట్రోల్ రూమే. మిగతా షిఫ్టుల ఇన్‌ఛార్జీల నంబర్లు మీ దగ్గర, మీ నంబరు వాళ్ల దగ్గర ఉండాలి.

ఇప్పుడు మీకు అసలు భయం పుట్టిస్తున్న పార్టీలవాళ్ల దగ్గరికి వద్దాం. కలవండి, తప్పకుండా కలవండి. ఆర్వో గారు అన్ని పార్టీల ప్రతినిధులతో మీటింగ్ పెడతారు. ఆ మీటింగ్‌లో స్క్వాడ్ ఇన్‌ఛార్జీలను పరిచయం చేయమని ముందే అడగండి. అందరి ఎదుట, ఒకే గదిలో, ఒకే మాట చెప్పే అవకాశం మీకు మళ్లీ దొరకదు. అక్కడ ప్రసంగాలేమీ వద్దు. మీ పేరు, మీ పరిధి, బండి ఆపితే మీరు వరసగా ఏం చేస్తారు, అభ్యంతరం ఉంటే ఎవరికి రాసివ్వాలి, ఇంతే. సభలకూ ర్యాలీలకూ అనుమతులు మీ చేతిలో ఉండవని, అవి ఎన్నికల సంఘం ఆన్‌లైన్ అనుమతుల వేదిక సువిధలో దరఖాస్తు చేసుకోవాలని కూడా అక్కడే చెప్పేయండి. లేకపోతే రోజుకు ఇరవై ఫోన్లు అదే పని మీద వస్తాయి.

వాళ్లతో మాట్లాడేటప్పుడు ఒకటి మనసులో పెట్టుకోండి. మనం కోడ్ అంటున్న ఈ ప్రవర్తనా నియమావళి శాసనసభో పార్లమెంటో చేసిన చట్టం కాదు. 1960లో కేరళ అసెంబ్లీ ఎన్నికలప్పుడు పార్టీలను సంప్రదించి రాసుకున్న కట్టుబాట్లతో మొదలైంది. 1990ల్లో టి.ఎన్.శేషన్ గారు ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్నప్పుడు దానికి పదును వచ్చింది. లంచం, బెదిరింపు లాంటివాటికి చట్టాలు వేరే ఉన్నాయి. కోడ్ వరకూ మాత్రం అది పార్టీలు తామే ఒప్పుకున్న కట్టుబాటు. కాబట్టి మండల నాయకుడితో "మీరు ఒప్పుకున్నదే నేను చూస్తున్నాను" అన్న స్వరంతో మాట్లాడొచ్చు. దొంగను పట్టుకోవడానికి వచ్చినట్టు మాట్లాడాల్సిన పని లేదు. ఆయన రేపు రైతుల్ని వెంటబెట్టుకుని యూరియా కోసం మీ ఆఫీసుకు వచ్చే మనిషే.

ఫోన్ ఎత్తండి. అందరి ఫోనూ ఎత్తండి. "మేడం, అన్న లైన్ల ఉన్నడు, మాట్లాడుండ్రి" అని ఎవరో ఒకరు మీ చేతికి సెల్లు ఇవ్వబోతారు, అది కూడా సరిగ్గా మీరు డిక్కీ దగ్గర నిలబడి ఉన్నప్పుడు. ఆ సెల్లు అందుకోకండి. "అన్నకు నమస్కారం చెప్పండి. పని అయ్యాక నా నంబరుకు చేయమనండి. అభ్యంతరం ఉంటే ఆర్వో గారికి రాసిస్తే ఈ రోజే చూస్తారు" అనండి. గొంతు పెంచకుండా, నవ్వు మొహం పోకుండా ఈ మూడు ముక్కలూ చెప్పడం ఇంట్లో ఒకసారి అలవాటు చేసుకోండి. ఏ పార్టీ మనిషికైనా ఇవే ముక్కలు, ఇదే వరసలో. మీరు మెత్తగా ఉన్నారా కఠినంగా ఉన్నారా అని ఊళ్లో ఎవరూ పెద్దగా చూడరు. అవతలి పార్టీవాడితో కూడా ఇలాగే మాట్లాడిందా అని మాత్రం తప్పకుండా వాకబు చేస్తారు.

టీ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ మన దగ్గర అదే పెద్ద ఇబ్బంది. ఇచ్చిన టీ కాదంటే మర్యాద తప్పినట్టు. "డ్యూటీలో ఉన్నాను, ఓట్లయ్యాక మీ ఇంటికే వచ్చి తాగుతాను" అంటే ఎవరూ నొచ్చుకోరు. శాలువాలు, బొకేలు, ప్రచార బండి ముందు సెల్ఫీలు మాత్రం ఏ మర్యాద కోసమూ వద్దు. మంచినీళ్ల సీసాలు మీ బండిలోనే పెట్టుకోండి.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది మామూలు జనంతో మీ సంబంధం. 2023 ఎన్నికల్లో నవంబరు 20న ఎన్నికల సంఘం చెప్పిన లెక్క ప్రకారం అయిదు రాష్ట్రాల్లో పట్టుకున్న సొమ్మూ సరుకూ కలిపి విలువ 1,760 కోట్లు దాటితే, ఒక్క తెలంగాణలోనే 659 కోట్లు. అంత గట్టిగా వల వేసినప్పుడు అందులో పత్తి అమ్ముకున్న రైతూ పడతాడు, పెళ్లికి బంగారం కొనబోయే కుటుంబమూ పడుతుంది.

ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్ముకుని లక్షా ఎనభై వేలు నడుముకు కట్టుకుని బైకు మీద వస్తున్న రైతును మీరు ఆపారనుకోండి. చీకటి పడుతోంది. పోలీసు యూనిఫాం చూడగానే ఆయన గొంతు తడబడుతుంది. ఆ తడబాటు అనుమానంగా కనిపిస్తుంది. వేరే శాఖ నుంచి వచ్చిన ఇన్‌ఛార్జి అయితే బ్యాంకు రసీదు అడుగుతారు. ఆయన దగ్గర అది ఉండదు. మీరు తక్‌పట్టీ, అంటే మార్కెట్లో పంట అమ్మినప్పుడు ఇచ్చే లెక్క చీటీ, అడుగుతారు. జేబులోంచి నలిగిన కాగితం తీస్తాడు. తేదీ, బస్తాలు, తూకం, ధర, మినహాయించుకున్న కమీషన్ అన్నీ చూడగానే ఈ డబ్బు ఈ పంటదేనా కాదా మీకు తెలిసిపోతుంది. తక్‌పట్టీ లేదని తెల్లకాగితం చీటీ చూపిస్తే, అడ్తి (కమీషన్ వ్యాపారి) పేరు అడిగి అక్కడే ఫోన్ చేయొచ్చు. ఏ ఊరు, ఎన్నెకరాలు, ఎకరానికి ఎంత వచ్చింది అన్న ప్రశ్నలు చాలు, పంట వేసినవాడెవడో వేయనివాడెవడో మీరు నిమిషంలో చెప్పగలరు. పోలీసులతో అనుభవం లేదని బాధపడుతున్నారు గానీ ఈ పనికి మీకున్న అర్హత మీ టీములో ఇంకెవరికీ లేదు.

50 వేలు దాటితే చాలు లాక్కుంటారన్న భయం జనంలో ఉంది. ఎన్నికల సంఘం నిబంధన చదివితే అలా ఉండదు. అభ్యర్థి, ఆయన ఏజెంటు, పార్టీ కార్యకర్త ఉన్న బండిలోనో, పోస్టర్లు, ప్రచార సామగ్రి ఉన్న బండిలోనో 50 వేలకు మించి నగదు దొరికినా, ఓటర్లకు పంచేందుకే అనిపించే 10 వేల పైబడిన సరుకో, మందో దొరికినా స్వాధీనం చేసుకోవాలన్నది దాని సారాంశం. ఆడవాళ్ల పర్సులు మహిళా అధికారి లేకుండా తనిఖీ చేయకూడదని కూడా అందులోనే ఉంది. ఆ పని మీరే చేస్తారు కాబట్టి పక్కకు తీసుకెళ్లి, పది మంది చూడకుండా చేయండి.

అయినా ఒక్కోసారి అమాయకుడి డబ్బు కూడా రాయాల్సి వస్తుంది. అప్పుడు రసీదు ఇచ్చి ఊరుకోకండి. జిల్లాలో ముగ్గురు అధికారులతో ఫిర్యాదుల కమిటీ ఉంటుంది. జిల్లా పరిషత్ సీఈవో లాంటి అధికారి ఒకరు, ఖర్చుల నోడల్ అధికారి, జిల్లా ట్రెజరీ అధికారి అందులో ఉంటారు. కేసు లేకుండా, ఏ పార్టీకీ సంబంధం లేకుండా పట్టుబడ్డ డబ్బును విడుదల చేయించడం వాళ్ల పని. 10 లక్షలు దాటితే ఇన్‌కం ట్యాక్స్ వాళ్లకు చెప్పాలి. కేసు లేని సొమ్మును పోలింగ్ అయిన 7 రోజులకు మించి అట్టిపెట్టకూడదు. ఈ వివరాలు, కమిటీ ఫోన్ నంబరు తెలుగులో ఒక చిన్న కాగితం మీద ముద్రించుకుని, రసీదుతో పాటు చేతిలో పెట్టండి. అక్కడే చదివి వినిపించండి. "అయ్యా, ఎల్లుండి కలెక్టరేట్‌కు తక్‌పట్టీ, పాస్‌బుక్ తీసుకుని రండి" అని చెప్పిన అధికారిని ఆ రైతు వచ్చే ఖరీఫ్‌లో కూడా గౌరవంగానే పలకరిస్తాడు. ఎన్నికల తర్వాత ఇక్కడే ఎలా పనిచేయాలి అని అడిగారు కదా, అది ఇదిగో ఈ కాగితం దగ్గర తేలుతుంది.

ప్రింటింగ్ ప్రెస్సులు, ఫ్లెక్సీ షాపులు, ఫంక్షన్ హాళ్ల యజమానులను ఒక చుట్టు చుట్టిరండి. కరపత్రం మీద ప్రింటర్ పేరు, ప్రచురించినవాళ్ల పేరు లేకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చని చాలామంది చిన్న ప్రెస్సులవాళ్లకు తెలియదు. ముందు చెబితే సర్దుకుంటారు. విలేకరులతో నవ్వుతూ ఉండండి, అంకెలు మాత్రం ఆర్వో ఆఫీసు నుంచే వెళ్లాలి.

ఓటర్ల జాబితా పని చూసే బీఎల్వోల (బూత్ స్థాయి అధికారుల) దగ్గర కాస్త జాగ్రత్త. అంగన్‌వాడీ టీచరో, పంచాయతీ సిబ్బందో ఆ పని చేస్తుంటారు. వాళ్లది అదే వాడ. ఏ సందులో ఏముందో, ఏ దారి ఎటు కలుస్తుందో వాళ్లను అడిగి తెలుసుకోండి. ఎవరు డబ్బు పంచుతున్నారో చెప్పమని మాత్రం అడగకండి. మీరు షిఫ్టు దిగి ఇంటికి వెళ్తారు, ఆమె ఆ వాడలోనే పడుకోవాలి. ఆమెకు చెప్పాలనిపిస్తే సీ-విజిల్‌లో పేరు లేకుండా పెట్టే వీలుందని తెలియజేస్తే చాలు. ఆమె ఇంటి ముందు మీ బండి ఆపకండి.

చివరగా మీ మేనమామ గారి సంగతి. ఇది దాచిపెడితే పెరిగే విషయం. ఆయన అభ్యర్థి కాకపోయినా, బంధుత్వం ఫలానా అని ఆర్వో గారికి ఒక పేజీ రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆ మండలం మీ పరిధిలో ఉంటే పరిధి మార్చమని అందులోనే అడగండి. మార్చాలా వద్దా అన్నది ఆయన చూసుకుంటారు. మేనమామకు ఫోన్ చేసి "మామయ్యా, ఎన్నికలయ్యేదాకా నేను మీ ఇంటికి రాను. మీరు కూడా నా డ్యూటీ గురించి ఎవరి తరఫునా మాట్లాడొద్దు" అని మీరే చెప్పండి. అమ్మతో చెప్పించకండి. ఆ కాగితం మాత్రం పార్టీల మీటింగ్‌కు ముందే ఆర్వో ఆఫీసులో అందాలి. వీలైతే రేపే ఇచ్చేయండి.